తరం మారిన బండి, తీరని రుణం

హైదరాబాద్ వారాసిగూడ సందుల్లోనూ, అక్కడి నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ దాటి తార్నాక చేరే రోడ్ల మీదా తిరిగే కాంపాక్ట్ ఎస్‌యూవీలలో సెల్టోస్ ఒకటి. దాని పుట్టిల్లు తెలుగు నేలే. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కంపెనీ 536 ఎకరాల్లో కట్టిన ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఆ బండి పొడవు 4,315 మిల్లీమీటర్లు. 2023 జులైలో ముఖం మార్చుకుని వచ్చిన బండి 4,365. 2025 డిసెంబరులో లోకానికి చూపించి 2026 జనవరిలో అమ్మకానికి పెట్టిన రెండో తరం బండి 4,460. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,610 నుంచి 2,690కి పెరిగింది. బండి అడుగున ఉండే ప్లాట్‌ఫామ్ మారిపోయింది. బాడీ, దీపాలు, డ్యాష్‌బోర్డు కొత్తగా గీసినవే. మొదట్లో ఉన్న 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను రెండో తరం రాకముందే పోయి, ఆ చోట 1.5 లీటర్ల టర్బో చేరింది. ఫ్యాక్టరీ ఉన్న జిల్లా పేరు కూడా మారింది. మొదలుపెట్టినప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇన్ని మారినా బండి పేరు సెల్టోసే. అదే బండికి ఇది రెండో తరం అని కంపెనీ అంటుంది, కొనేవాళ్లూ అలాగే అంటారు. ఏది మారకుండా నిలిచిందని ఆ మాట అనగలుగుతున్నాం?

ఇది కార్ల వ్యాపారంలో తేలిపోయే ప్రశ్న అనుకుంటే పొరపాటు. మన తత్త్వచింతనలో ఆత్మ ఉందా లేదా అన్న వాదం ఒక బండి దగ్గరే పదునెక్కింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు గ్రీకు రాజు మిలిందుడికీ (మినాండరుకూ), భిక్షువు నాగసేనుడికీ జరిగినట్టు చెప్పే సంభాషణల గ్రంథం మిలింద పన్హ. నడిచి వచ్చారా, వాహనంలో వచ్చారా అని నాగసేనుడు రాజును అడుగుతాడు. రథంలో వచ్చానంటాడు రాజు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా, ఇవన్నీ కలిపితే రథమా, ఇవి కాకుండా వేరే ఏదైనా ఉందా అని వరసగా అడిగితే అన్నిటికీ కాదనే జవాబు వస్తుంది. ఈ భాగాలను ఆధారం చేసుకుని రథం అనే వ్యవహారం ఏర్పడిందని రాజు చివరికి ఒప్పుకుంటాడు. మనిషి పేరు కూడా అలాంటిదేనన్నది నాగసేనుడి సిద్ధాంతం. ఆ వాదం ఒక్క రథం గురించి, ఒక్క క్షణం గురించి. తరాలు మారే బండి దాన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. ఇక్కడ భాగాల్లో రథం దొరకకపోవడమే కాదు, భాగాలే వేరు, కాలమే వేరు, తయారైన వస్తువే వేరు.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. ఒకటి ఒక్క కారు గురించిన ప్రశ్న. మెకానిక్ షెడ్డులో క్లచ్ మార్చి, బంపర్ మార్చి, చివరికి ఇంజనే మార్చి తెచ్చుకున్న కారు అదే కారా? దీనికి మోటారు వాహనాల చట్టం తన పద్ధతిలో ఒక జవాబు ఇచ్చింది. మార్పులను ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి, గుర్తింపు మాత్రం ఛాసిస్ నంబరును పట్టుకుని నడుస్తుంది. నంబరు ప్లేటు మీద ఏపీ పోయి 2014లో టీఎస్ వచ్చినా, 2024లో టీజీ వచ్చినా ఆ రాష్ట్ర అక్షరాలు బండిని వేరే బండిగా చేయవు. రెండో ప్రశ్న కష్టమైనది. 2019 బండికీ 2026 బండికీ ఉమ్మడి ఛాసిస్ నంబరు లేదు. రెండూ పక్కపక్కన నిలబడగలవు. ఒకటి నుజ్జయినా రెండోదానికి గీత పడదు. అలాంటి రెండు వస్తువులను ఒకే పరంపరగా కట్టేది ఏమిటన్నది మన విచారణ.

న్యాయ వైశేషికులు ఇలాంటి చోట జాతిని ముందుకు తెస్తారు. వేర్వేరు ఆవుల్లో ఉన్న గోత్వం ఒక్కటే అయినట్టు ఈ బండ్లన్నిటిలోనూ ‘సెల్టోస్‌త్వం’ అనే ఒక సామాన్యధర్మం ఉందనవచ్చు గదా? కానీ ఆ దర్శనంలోనే మహాపండితుడైన ఉదయనుడు కనిపించిన ప్రతి ఉమ్మడి ధర్మాన్నీ జాతి అనకూడదని హెచ్చరించి, జాతిత్వానికి అడ్డుపడే ఆరు కారణాలు చెప్పాడు. వాటిలో ఒకటి సాంకర్యం. రెండు ధర్మాలు కొన్ని వస్తువుల్లో కలిసి ఉండి, మిగతా చోట్ల ఒకటి లేకుండా ఇంకొకటి ఉంటే అవి సహజమైన జాతులు కావు. మన ఉదాహరణ దానికి అచ్చంగా సరిపోతుంది. మొదటి తరం సెల్టోస్, 2020లో వచ్చిన రెండో తరం హ్యుందాయ్ క్రెటా ఒకే ప్లాట్‌ఫామ్ మీద, ఒకే ఇంజన్లతో వచ్చిన బండ్లు. క్రెటాకు ఆ ప్లాట్‌ఫామ్ ఉంది, సెల్టోస్ పేరు లేదు. రెండో తరం సెల్టోస్‌కు పేరు ఉంది, ఆ ప్లాట్‌ఫామ్ లేదు. మొదటి తరం సెల్టోస్‌లో రెండూ ఉన్నాయి. నిర్మాణాన్ని పట్టుకుంటే పేరు జారిపోతుంది, పేరును పట్టుకుంటే నిర్మాణం జారిపోతుంది.

శరీరపు కొలతనైనా స్వభావం అనగలమా? నాలుగు మీటర్లలోపు ఎస్‌యూవీలను చూస్తే అదీ కుదరదు. పెనుకొండలోనే తయారయ్యే సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. టాటా నెక్సాన్ కూడా ఆ కొలత దగ్గరే ఉంటుంది. తరాలు, ముఖాలు మారినా నాలుగు మీటర్ల గీత దాటకపోవడానికి కారణం పన్ను. 2006 నుంచి మన ప్రభుత్వం చిన్న కార్లకు పొడవును బట్టి, ఇంజను పరిమాణాన్ని బట్టి సుంకం తగ్గించింది. జీఎస్టీ కూడా ఆ గీతను అలాగే ఉంచుకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన రేట్లలో షరతులకు లోబడిన చిన్న కార్లకు 18 శాతం, వాటికన్నా పెద్ద పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం. ఆ బండ్ల రూపంలో అత్యంత స్థిరంగా కనిపించే లక్షణం బయటి షరతు చెక్కి పెట్టినది. వస్తువు తన స్వభావంతో తాను నిలబడదు, కారణాల కూడికలో నిలబడుతుందని శ్రీపర్వత ప్రాంతంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు వాదించాడు. పన్ను గీత దగ్గర ఆగిపోయిన బానెట్ ఆ మాటకు మన కాలపు సాక్ష్యం.

లోపల సారం ఏదీ దొరకనప్పుడు పేరు కొనసాగడం ఉత్త భ్రమేనా? ఇక్కడ బౌద్ధులు తమకే ఎదురైన చిక్కును దాటడానికి చెప్పిన జవాబు పనికొస్తుంది. ఆత్మ లేకపోతే ఈ జన్మలో చేసిన దానికి వచ్చే జన్మలో ఎవరు జవాబు చెప్పాలని మిలిందుడు అడుగుతాడు. ఒకడు మామిడిపళ్లు దొంగిలించాడనుకోండి, అంటాడు నాగసేనుడు. నేను కోసినవి యజమాని నాటినవి కావు, అతను నాటింది వేరు, నేను తిన్నది వేరు అని ఆ దొంగ వాదిస్తే వదిలేస్తారా? వదలనంటాడు రాజు. నాటినదాన్ని ఆధారం చేసుకునే ఈ పళ్లు కాశాయి కాబట్టి దొంగ దోషే. అదే వస్తువు కాకపోయినా బాధ్యత తెగిపోదన్నది ఈ ఉదాహరణలోని బలం. కాని దీనిలో ఒక లోటు ఉంది. కార్యకారణ సంబంధం ఒక్కటే చాలనుకుంటే పరంపర అదుపు లేకుండా విస్తరిస్తుంది. సెల్టోస్ తయారీలో వచ్చిన అనుభవం సోనెట్‌కు పనికొచ్చి ఉంటుంది, ఆ తర్వాత అదే ఫ్యాక్టరీలో మొదలైన క్యారెన్స్‌కూ పనికొచ్చి ఉంటుంది. అయినా వాటిని సెల్టోస్ తరాలు అనం. కారణాల ప్రవాహంలో ఒక్క పాయను వేరుచేసి దానికి ఒక పేరు పెట్టే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

నా జవాబు ఇది. తరం నుంచి తరానికి నిలిచేది రుణం. పాత బండి సంపాదించిన నమ్మకాన్ని ఎవరు వారసత్వంగా తీసుకుంటారో, ఆ బండి మిగిల్చిన బాకీకి ఎవరు జవాబుదారీ అవుతారో వాళ్లే దాని తర్వాతి తరం. మన ధర్మశాస్త్రాలు వారసత్వాన్ని ఇలాగే చూశాయి. తండ్రి అప్పు కొడుకు తీర్చాలని చెబుతూనే, తాగుడుకూ జూదానికీ చేసిన అప్పుకు కొడుకు బాధ్యుడు కాడని యాజ్ఞవల్క్య స్మృతి మినహాయించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం రాశాడు కాబట్టి ఈ ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. అప్పుల లెక్కలో ఆ శాస్త్రాలు తండ్రినీ కొడుకునూ ఒకే మనిషిగా చూడలేదు. ఇద్దరూ వేరని తెలిసే ఒకరి బాకీ ఇంకొకరి మీద పెట్టాయి. రుణం కొనసాగడానికి ఒకే ఆత్మ ఉండాల్సిన పని లేదు. ఆస్తినీ బాధ్యతనూ కలిపి అందుకునే ఒక సంబంధం ఉంటే చాలు.

ఆ సూత్రమే ఇప్పుడు చెల్లదు గదా అని ఎవరైనా అడగవచ్చు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ, కొడుకుననే ఒక్క కారణంతో తండ్రి అప్పు తీర్చాలన్న ధర్మబాధ్యతను కొత్త అప్పుల విషయంలో తీసేసింది. నిజమే. అయితే సవరణ తీసేసింది రక్తసంబంధం ఒక్కటే పట్టుకుని వేసే బరువును. తండ్రి ఆస్తిని తీసుకున్నవాడు ఆ ఆస్తి మేరకు బాకీకి కట్టుబడాలన్న న్యాయం చెక్కుచెదరలేదు. మన వాదానికి కావలసింది అదే. కొత్త బండి పాత బండికి పుట్టుకతో బద్ధం కాదు. కంపెనీ కావాలంటే దానికి పూర్తిగా కొత్త పేరు పెట్టి, సున్నా నుంచి నమ్మకం సంపాదించుకోవచ్చు. ఎన్నో ఇళ్లు ఏళ్ల తరబడి వాడి, మంచీ చెడూ చెప్పుకుని నిలబెట్టిన పేరును కోరి పెట్టుకుంటే అది ఆస్తిని అందుకోవడమే. ఆ ఆస్తితోపాటు బాకీ కూడా చేతికొస్తుంది.

ఈ బాకీ ఎలాంటిదో సెల్టోస్ చరిత్రే చూపిస్తుంది. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారత్‌లో తయారైన సెల్టోస్‌ను రెండు ఎయిర్‌బ్యాగులున్న రకంతో గుద్దించి పరీక్షించింది. పెద్దవాళ్ల రక్షణలో అయిదింటికి మూడు నక్షత్రాలు వచ్చాయి. బాడీ దృఢత్వం స్థిరంగా లేదని ఆ సంస్థ తేల్చింది. తర్వాతి ఏళ్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ వచ్చాయి. 2023 బండిలో ముందున్న వాహనాన్ని గమనించి తనంతట బ్రేకు వేసే సాయాలు కూడా పై రకాల్లో చేరాయి. మొదట వచ్చిన బండి లోటును తర్వాతి బండి గుర్తించి సరిదిద్దుకోవడం ఇది, పరంపర అనే మాటకు మొదటి అర్హత ఇదే. కానీ ఇక్కడ తేలిగ్గా మరచిపోయే ఒక సంగతి ఉంది. కొత్త బండిలోని ఆరు ఎయిర్‌బ్యాగులు పాత బండిలో కూర్చున్న మనిషిని కాపాడవు. మెరుగుదల కొత్త కొనుగోలుదారుకు అందుతుంది, బాకీ పాతవాళ్లకు ఉంటుంది. మరుజన్మ మంచిదైనంత మాత్రాన వెనకటి కర్మ చెరిగిపోదని మన దర్శనాల్లో చాలామటుకు చెప్పే మాటను ఇక్కడ అక్షరాలా తీసుకోవచ్చు.

పాత తరం బండి ఎవరి దగ్గర చేరుతుందో చూస్తే ఈ విషయంలోని న్యాయం ఇంకా స్పష్టమవుతుంది. మొదటి యజమాని కొన్నేళ్లకు అమ్మేస్తాడు. బండి సెకండ్ హ్యాండుగా, తర్వాత మూడో చేతికి, అంతకంతకూ తక్కువ రాబడి ఉన్న ఇళ్లకు వెళుతుంది. షోరూమ్ మెరుపులు కొత్త తరం మీద పడే రోజుల్లోనే వారాసిగూడ, పార్శీగుట్ట, సీతాఫల్‌మండి లాంటి మధ్యతరగతి పేటల్లో పాత తరం పిల్లల్ని బడికీ, పెద్దల్ని ఆస్పత్రికీ మోస్తుంటుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షన్ లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనలు దాన్ని ఏడేళ్లలోపు బండ్లకు వర్తింపజేశాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. అంటే ఒక కారు చట్టబద్ధంగా తిరిగే కాలంలో సగానికి పైగా ఈ తప్పనిసరి పిలుపు నీడ బయటే గడుస్తుంది. అక్కడ చట్టం ఆగిపోతుంది, ధర్మం ఆగకూడదు. పేరును పదిహేనేళ్ల తర్వాత కూడా అమ్ముకోదలచినవాళ్లు విడిభాగాలకూ లోపాలకూ అంతకాలం జవాబు చెప్పడం ఆ పేరుకు తగిన పని.

పేరు వ్యాపారపు ఎత్తు మాత్రమే, దేనికైనా అతికించవచ్చు, దానికి ధర్మం కట్టడం అమాయకత్వం అనే అభ్యంతరం బలమైనదే. 1988లో సుజుకీ తెచ్చిన విటారా నిచ్చెనలాంటి ఇనుప చట్రం మీద కట్టిన బండి. మన దేశంలో 2016లో మారుతి తెచ్చిన విటారా బ్రెజా ఆ చట్రంతో సంబంధం లేని, నాలుగు మీటర్లలోపు బండి. 2022లో రెండో తరం వచ్చేసరికి విటారా అనే ముందుపేరు పోయి బ్రెజా మిగిలింది. అదే ఏడాది వేరే పెద్ద బండికి గ్రాండ్ విటారా పేరు పెట్టారు. 1991లో వచ్చి ఎప్పుడో ఆగిపోయిన టాటా సియెరా పేరును 2025 నవంబరులో పూర్తిగా కొత్త బండికి పెట్టారు. పేరు ఎటైనా పోగలదనడానికి ఇవి చాలు. అయితే ఇవి నా వాదాన్ని పడగొట్టకపోగా దాని అవసరాన్ని చూపిస్తున్నాయి. పేరు ఏ వస్తువుకూ సహజంగా అంటుకుని ఉండదు కాబట్టే, నిజమైన వారసత్వానికీ ఉత్త అతికింపుకూ తేడా చెప్పే కొలత ఒకటి కావాలి. ప్లాట్‌ఫామ్, పొడవు, ఇంజను ఆ కొలత కాలేవని చూశాం. పాతవాటికి జవాబు చెబుతున్నారా లేదా అన్నది కాగలదు. కొలత ఉందంటే అందరూ దానికి నిలబడతారని అర్థం కాదు. ఎవరు నిలబడలేదో చెప్పగలగడం కూడా కొలత చేసే పనే.

పదార్థం ఏమీ మిగలని చోట కూడా ఈ కొలత పనిచేస్తుందనడానికి మన నేల మీదే ఒక రథం సాక్ష్యం ఉంది. కోనసీమలోని అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొత్త కలపతో కొత్త రథం చేయించి 2021 ఫిబ్రవరిలో మాఘమాసపు ఉత్సవాలకు సిద్ధం చేశారు. పాత రథపు చెక్క కొత్తదానిలో లేదు. అయినా భక్తులకు అది స్వామి రథమే. కాలిన రథం ఏ సేవకు కట్టుబడిందో కొత్త రథం ఆ సేవకే కట్టుబడింది, ఏ వీధుల్లో తిరగాలో ఆ వీధుల్లోనే తిరగాలి. దానిలో స్వామి ఉండడం వేరు, వ్యాపారపు బండికి ఆ పవిత్రత లేదు అనవచ్చు. ఆ తేడాను నేను ఒప్పుకుంటాను. కాని భక్తుడి దృష్టిలో కూడా స్వామి కలపకు బందీ కాడు. రథాన్ని రథంగా కొనసాగించింది మనుషులు ఎత్తుకున్న కర్తవ్యమే.

ఇంత వాదన చేసి ఆత్మను కాదంటున్నావా అని అద్వైతి అడగవచ్చు. అక్కర్లేదు. ఎప్పుడో ఎక్కడో చూసిన దేవదత్తుణ్ని ఇప్పుడు ఇక్కడ చూసి వాడే వీడని గుర్తుపట్టే ఉదాహరణను వేదాంతులు వాడతారు. కాలం, చోటు అనే విరుద్ధాంశాలను వదిలేస్తే మిగిలే వ్యక్తి ఒక్కడే. సెల్టోస్ విషయంలో విరుద్ధాంశాలన్నీ వదిలేస్తే పేరు తప్ప ఏదీ మిగలదు, సాక్షిగా ఉండే చైతన్యం అక్కడ లేదు. కాబట్టి ఆత్మను నమ్మేవారికీ నమ్మనివారికీ ఈ బండి విషయంలో తగాదా ఉండదు.  ఇంత చిన్న వస్తువుకు ఇంత పెద్ద విచారణ ఎందుకని అనేవారికి నాగసేనుడి పద్ధతే సమాధానం. రాజు రోజూ ఎక్కే వాహనం దగ్గర మొదలుపెట్టాడు కాబట్టే అతని మాట రాజుకు తగిలింది.

ఈ కొలతను బండ్ల దగ్గరే ఆపేస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. వారాసిగూడను ఆనుకుని ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ 1918లో అద్దె భవనాల్లో, ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. పాలించిన రాజ్యం పోయింది, రాష్ట్రాలు రెండుసార్లు మారాయి, మొదటినాటి అధ్యాపకులూ విద్యార్థులూ లేరు. పేరు మాత్రం అలాగే నిలిచింది. ఆ విశ్వవిద్యాలయం పుట్టుకలో ఒక పెద్ద మాట ఉంది. వైద్యం, ఇంజనీరింగు, తత్త్వశాస్త్రం లాంటి ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాకుండా ఈ దేశపు భాషలో చెప్పగలమన్న మాట అది. అందుకోసం అనువాద సంస్థను పెట్టి పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఆ భాష రాజ్యంలోని అత్యధిక ప్రజల భాష కాదన్న విమర్శ న్యాయమైనదే. అయినా మాట మాటే. ఉస్మానియా అనే పేరు తెచ్చే గౌరవాన్ని అందుకునే ప్రతి తరం ఆ బాకీని కూడా అందుకుంటుంది. తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నత జ్ఞానం దొరికేలా చేయడం ఆ పేరు మీద ఇంకా తీరని రుణం.

కాబట్టి కొత్త తరం వచ్చిందని ఎవరు ప్రకటించినా, అది కారు కావచ్చు, సంస్థ కావచ్చు, పార్టీ కావచ్చు, వాళ్లను రెండు ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది. పాత తరం ఎక్కడ తప్పిందో మీరు చెప్పగలరా? ఆ తప్పును ఇప్పటికీ మోస్తున్నవాళ్లకు మీరు ఏం చేస్తున్నారు? మొదటి ప్రశ్నకు జవాబు ఉంటే అది ఎదుగుదల. రెండోదానికి కూడా ఉంటేనే అది వారసత్వం. రెండోదానికి జవాబు లేని చోట పేరు ఎంత పాతదైనా బండి కొత్తదే, దాన్ని ముక్కూ మొహం తెలియని కొత్త బండిలాగే పరీక్షించి కొనాలి. ఒక వస్తువులో మారని సారం వెతికి అలసిపోయే బదులు, దాని పేరు మీద మాట ఇచ్చినవాళ్లను ఆ మాటకు నిలబెట్టడం మనకు సాధ్యమైన పని. మారిపోయే లోకంలో ‘అదే’ అనే మాటకు అర్థం మిగలాలంటే ఆ పని మనమే చేయాలి.